నీళ్లు తలుపు అవతల

ఏ పేపర్ ఆరోగ్యం పేజీ తిప్పినా, ఏ డాక్టరు గారి రీల్ చూసినా ఈమధ్య ఒకటే మాట: నీళ్లు బాగా తాగండి, వేళకి తినండి. మాటలో తప్పేమీ లేదు. ఎవరికి చెబుతున్నాం అన్న దగ్గరే తేడా కొడుతోంది. పక్కన బాటిల్ పెట్టుకుని పనిచేసుకునే నాలాంటి వాడికి అది సలహా. గుక్కెడు నీళ్ల కోసం రెండు తలుపులు దాటి, తల నుంచి కాళ్ల దాకా వేసుకున్నవన్నీ విప్పి, తిరిగొచ్చి చేతులు కడుక్కుని మళ్లీ అన్నీ తొడుక్కోవాల్సిన మనిషికి అది వెక్కిరింత.

ఆ మనిషి ఎవరు? ఆపరేషన్ థియేటర్లో నర్సు. ఇంజెక్షన్ మందు సీసాల్లో నింపే లైన్ మీద నిలబడే అమ్మాయి. ల్యాబ్ టెక్నీషియన్. ఫోన్లో కెమెరా అమర్చే దుమ్ములేని హాల్లో మాస్కు, టోపీ వేసుకుని కూర్చునే పిల్ల. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు వాళ్లకి వీళ్లని పరిచయం చెయ్యక్కర్లేదు. ప్రతి వీధిలో ఒకరుంటారు. నర్సింగో బీఫార్మసీయో డిప్లొమానో చదివి బెంగళూరుకో, హోసూరుకో, కోలారు పక్కన నరసాపురకో, శ్రీసిటీకో పోయినవాళ్లు. కుప్పంలో రైలెక్కితే ఒకవైపు బెంగళూరు, ఇంకోవైపు తమిళనాడు. మూడు రాష్ట్రాల ఫ్యాక్టరీలకి మనుషుల్ని పంపే మూల ఇది.

ముందే ఒకటి ఒప్పుకుందాం, తర్వాత గొడవ ఉండకుండా. స్టెరైల్ గదిలో తినకూడదు, తాగకూడదు అన్న నియమం సరైనదే. 2023లో చెన్నై దగ్గర తయారైన కంటి చుక్కల మందు వల్ల అమెరికాలో ఇన్‌ఫెక్షన్లు వచ్చాయి. కొందరికి చూపు పోయింది, నలుగురు చనిపోయారు. ఎవరో ఎక్కడో నియమం తప్పితే ఇంకెవరో ఎక్కడో కన్ను పోగొట్టుకుంటారు. కాబట్టి లోపలికి బాటిల్ తీసుకుపోనివ్వండి అని నేను అడగడం లేదు. లోపలికి నీళ్లు పోకూడదన్న నియమం, మనిషి బయటికి రాకూడదన్న నియమంగా ఎప్పుడు మారింది, ఎవరు మార్చారు అని అడుగుతున్నాను.

క్లీన్‌రూమ్ శాస్త్రం చాలా అందమైంది. 1960ల మొదట్లో అమెరికాలో శాండియా ల్యాబ్‌లో విల్లిస్ విట్‌ఫీల్డ్ అనే ఆయన, గాలిని ఒకే దిక్కుకి నెమ్మదిగా, ఎడతెగకుండా ప్రవహింపజేస్తే దుమ్ము దానంతటదే బయటికి కొట్టుకుపోతుందని చూపించాడు. ఇవాళ మందులు నింపే చోట పాటించే ఐఎస్ఓ 5 తరగతి అంటే, ఘనపు మీటరు గాలిలో అర మైక్రాన్, అంతకన్నా పెద్ద రేణువులు 3,520కి మించకూడదు. మరి మనిషి? ఊరికే కదలకుండా కూర్చున్నా నిమిషానికి లక్ష సన్న రేణువులు రాలుస్తాడని ఈ రంగంలో పాత లెక్క ఒకటుంది. చర్మం, వెంట్రుక, ఉమ్మి, బట్టల నూగు. అంటే ఆ గదిలో అన్నిటికన్నా మురికి వస్తువు మనిషే. ఈ మాట ఇంజనీరింగ్‌గా నిజం. చిక్కంతా అది ఇంజనీరింగ్ మాటగా ఆగకపోవడం దగ్గర వస్తుంది. మనిషి మురికి అని పాఠం చెప్పిన సూపర్‌వైజరుకి కొన్నాళ్లకి మనిషి అవసరాలు కూడా మురికిగానే కనిపిస్తాయి. దాహం, ఆకలి, ఒంటేలు, నెలసరి, అన్నీ 'డీవియేషన్లు' అవుతాయి.

తెలుగువాళ్లకి ఇది కొత్తేం కాదు. మనకి మడి తెలుసు. మడి కట్టుకున్న మనిషి అందరికీ వండి, దేవుడికి పెట్టి, మగవాళ్లకి వడ్డించి, మధ్యాహ్నం మూడింటికి తను ఇంత తినేది. అప్పటిదాకా మంచినీళ్లు ముట్టకపోవడం ఆమె గొప్పతనం. మడిలో సైన్సు లేదు, క్లీన్‌రూములో ఉంది, రెండూ ఒకటి కావు. కానీ రెంటిలోనూ శుభ్రత భారం మోసేది ఎవరు, దాని ఫలం తినేది ఎవరు అని చూస్తే ఒకటే లెక్క వస్తుంది. థియేటర్లో సర్జన్‌కి కేసుకీ కేసుకీ మధ్య డాక్టర్స్ రూములో కాఫీ వస్తుంది, రావాలి కూడా. అదే టేబుల్ దగ్గర మూడో కేసుకి కూడా పనిముట్లు అందిస్తున్న స్క్రబ్ నర్సుని మార్చడానికి ఇంకొకరుండరు. సూక్ష్మజీవి ఇద్దరి విషయంలో ఒకేలా ప్రవర్తిస్తుంది. డ్యూటీ చార్టే అలా ప్రవర్తించదు.

మా పిన్ని కూతురు ఒక ఇంజెక్షన్ల కంపెనీలో మూడేళ్లు చేసింది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఒకసారి పండక్కి వచ్చినప్పుడు అడిగాను, లోపల దాహమైతే ఏం చేస్తారని.

"దాహం కాదన్నా. ఏసీ గదా, తెలీదు. అయినా నీళ్లు తాగితే పోవల్ల గదా. పోతే గౌను మార్చల్ల. మారిస్తే లైన్ ఆగుతుంది. లైన్ ఆగితే పక్కనోళ్లు సూస్తారు. అందుకే పొద్దున బస్సులో వచ్చేటప్పుడే తాగడం మానేస్తాం."

ఈ నాలుగు మాటల్లో ఒక పూర్తి వ్యవస్థ ఉంది. ఎవరూ ఆమెని నీళ్లు తాగొద్దనలేదు. రాసి పెట్టిన నియమం ఎక్కడా లేదు. గౌను ఖరీదు, లైన్ వేగం, పక్కవాళ్ల చూపు కలిసి నిషేధాన్ని తయారుచేశాయి. ఇలాంటి నిషేధానికి ఎవరూ బాధ్యులు కారు. రేపు ఆమెకి కిడ్నీలో రాయి వచ్చినా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చినా, డాక్టరు చీటీ మీద రాసేది అదే: నీళ్లు బాగా తాగండి.

ఆమె "దాహం కాదు" అనడం కూడా గమనించాలి. ఆ గదులు చల్లగా, పొడిగా ఉంటాయి. చెమట కనబడదు, నోరు ఎండటం మాస్కు వెనక అంతగా తెలియదు. కానీ ఊపిరితో, చర్మంతో నీరు పోతూనే ఉంటుంది. ఒంటి బరువులో రెండు శాతం దాకా నీరు తగ్గితే ఏకాగ్రత దెబ్బతింటుందని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. బ్రిటన్‌లో నాటింగ్‌హామ్‌లో డాక్టర్లనీ నర్సులనీ పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, డ్యూటీ దిగేటప్పటికి 45 శాతం మంది ఒంట్లో నీరు తక్కువై ఉన్నారు. ఇంకా ముఖ్యం, మూడోవంతుకి పైగా డ్యూటీ ఎక్కేటప్పుడే అలా ఉన్నారు. అంటే బస్సులోనే తాగడం మానేసేది మా చెల్లెలొక్కటే కాదు. అలా ఉన్నవాళ్లకి అప్పటికప్పుడు గుర్తుపెట్టుకునే శక్తి తగ్గిందని కూడా ఆ అధ్యయనం చూపింది. కత్తెరలు, దూది లెక్కపెట్టాల్సిన నర్సుకి గుర్తు తప్పితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. శుభ్రత కోసమే మనిషిని ఎండబెడుతున్నాం అనేవాళ్లు, ఎండిన మనిషి చేసే తప్పుని ఏ ఖాతాలో రాస్తారు?

"రూల్స్ అండీ, మేమేం చెయ్యగలం" అనే వాళ్లకి రూల్స్ మొత్తం చదవమని చెప్పాలి. మన దేశంలో మందుల తయారీకి ప్రమాణం షెడ్యూల్ ఎమ్. ఉత్పత్తి జరిగే చోట, ల్యాబులో, స్టోర్లో తినడం, తాగడం, నమలడం, పొగతాగడం కూడదని అది చెబుతుంది. ఈ ముక్క ప్రతి గోడ మీదా ఉంటుంది. అదే షెడ్యూల్, విశ్రాంతికి, ఫలహారానికి వేరే గదులుండాలని, బట్టలు మార్చుకునే చోటు, కడుక్కునే చోటు, మరుగుదొడ్లు తేలిగ్గా అందుబాటులో, వాడేవాళ్ల సంఖ్యకి సరిపడా ఉండాలని కూడా చెబుతుంది. ఈ ముక్క ఏ గోడ మీదైనా చూశారా? 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం కూడా అంతే. పద్దెనిమిదో సెక్షన్ తాగునీరు కార్మికులందరికీ వీలైన చోట ఉండాలనేది. నలభై ఆరో సెక్షన్ 250 మందికి మించి పనిచేసే చోట క్యాంటీన్ అనేది. నలభై ఏడో సెక్షన్ 150 మందికి మించితే భోజనాల గది అనేది, ఆ గది ఉన్నచోట పనిగదిలో ఎవరూ తినకూడదనీ అనేది. చూడండి, ఎంత సరిగ్గా రాశారో. ముందు గది కట్టు, తర్వాత నిషేధించు. డెబ్భై ఏళ్లకి పైగా మనం ఆ వాక్యంలో రెండో సగమే చదువుతూ వచ్చాం.

ఇప్పుడు మొదటి సగం కూడా అరిగిపోతోంది. పాత చట్టంలో విరామం లేకుండా ఏకబిగిన చేయించగల గరిష్ఠ సమయం అయిదు గంటలు. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజు పనిని తొమ్మిది నుంచి పది గంటలకి, ఏకబిగిన పనిని అయిదు నుంచి ఆరు గంటలకి పెంచే సవరణలకి ఒప్పుకుంది. పెట్టుబడులు రావాలి కాబట్టి అన్నారు. సరే, ఒక లెక్క వేద్దాం. ఆరు గంటల తర్వాత అరగంట విరామం. గౌను విప్పడానికి, చేతులు కడగడానికి, క్యాంటీన్‌కి నడవడానికి పది నిమిషాలు. తిరిగొచ్చి అన్నీ తొడుక్కోవడానికి ఇంకో పది. మిగిలింది పది నిమిషాలు. అందులో తినాలి, తాగాలి, మరుగుదొడ్డి దగ్గర వరసలో నిలబడాలి. అసెంబ్లీలో 'ఒక గంట' అన్నది టేబుల్ ముందు కూర్చున్న వాళ్లకి చిన్నమాట. సూట్ లోపలున్న వాళ్లకి ఆ గంట వేరు.

నీళ్ల రాజకీయం మా వైపు తక్కువేం కాదు. హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా నీళ్లు కుప్పానికి తెచ్చామని 2024 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి, 2025 ఆగస్టులో ఇంకో ముఖ్యమంత్రి పండగ చేశారు. శ్రీశైలం నీళ్లు కొండలెక్కి, పంపుల మీద పంపులు దాటి, వందల కిలోమీటర్లు వచ్చాయంటే నిజంగా గొప్పే. నేనూ సంతోషించాను. కానీ అంతదూరం వచ్చిన నీళ్లు, ఆ ఊరి పిల్ల పనిచేసే హాలు తలుపు దగ్గర నుంచి ఆమె గొంతు దాకా ఇరవై మీటర్లు రాలేకపోతున్నాయి. ఈ ఇరవై మీటర్ల గురించి మాట్లాడే నాయకుడు ఏ పార్టీలోనూ లేడు, ఎందుకంటే అక్కడ శిలాఫలకం పెట్టే చోటు లేదు.

పుంగనూరు సంగతి ఇంకా విచిత్రం. పుంగనూరు అనగానే దేశానికి గుర్తొచ్చేది మనుషులు కాదు, ఆవు. పొట్టిది, ముద్దొస్తుంది, పాలల్లో వెన్న ఎక్కువ. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి ఢిల్లీలో తన ఇంట్లో వాటికి మేత పెడుతున్న ఫోటోలు అందరం చూశాం. ఆ పాలు తాగాల్సిన ఊరి పిల్లలు మాత్రం వేరే రాష్ట్రాల్లో హాస్టల్ గదుల్లో, ఉడికీ ఉడకని అన్నంతో, నీళ్ల చారుతో షిఫ్టులు చేస్తున్నారు. 2021 డిసెంబరులో చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరులో ఫాక్స్‌కాన్ ఐఫోన్ ఫ్యాక్టరీలో పనిచేసే ఆడపిల్లల హాస్టల్లో తిండి విషమైంది. 250 మందికి పైగా జబ్బుపడ్డారు, 159 మంది ఆస్పత్రిలో చేరారు. వాళ్లు చెన్నై–బెంగళూరు హైవే మీద కూర్చున్నాకే మిగతా లోకానికి తెలిసింది. ఫ్యాక్టరీ కొన్ని వారాలు మూతపడింది. ఆ ఫోన్ స్క్రీన్ మీద వేలిముద్ర పడకుండా ఎన్ని గ్లవ్స్, ఎన్ని ఎయిర్ షవర్లు! ఆ గ్లవ్ లోపలి చేతికి అన్నం పెట్టిన గిన్నెని ఎవరూ ఆడిట్ చెయ్యలేదు.

ఇక్కడ నాలాంటి వాళ్ల గురించి కూడా చెప్పాలి. నా ఫోన్లో ఒక యాప్ గంటకోసారి చుక్క బొమ్మ వేసి నీళ్లు తాగమంటుంది. మా ఆఫీసులో ఫ్లోరుకి నాలుగు డిస్పెన్సర్లు, పళ్లు, బాదంపప్పులు. దానికి వెల్‌నెస్ అని పేరు. ఆ యాప్ నడిచే ఫోన్‌ని బిగించిన పిల్లకి నీళ్లు తాగే వీలు లేదు. ఇది యాదృచ్ఛికం కాదు, ఒకే సప్లై చైన్. నీళ్లు ఒకచోట బోనస్, ఇంకోచోట డీవియేషన్. "స్టే హైడ్రేటెడ్" అనే పోస్టర్ అంటించడం సులువు, అందుకే అన్నిచోట్లా ఉంటుంది. దానికి పైసా ఖర్చు లేదు. పైగా రేపు ఎవరైనా కళ్లు తిరిగి పడితే, చెప్పాం కదా తాగమని అనడానికి పనికొస్తుంది.

2020లో మనం ఇంకో రకం తప్పించుకోవడం చేశాం. పీపీఈ సూట్లలో ఆరేసి గంటలు, నీళ్లు లేకుండా, కొందరు డైపర్లు వేసుకుని పనిచేసిన డాక్టర్లకీ నర్సులకీ పళ్లాలు మోగించాం, దీపాలు వెలిగించాం, కవితలు రాశాం. తెలుగులో ఆ యేడు వచ్చినన్ని కరోనా కవితలు ఇంకే జబ్బు మీదా వచ్చి ఉండవు. ఎక్కువ భాగం తెల్ల సూట్లో దేవతని చూసినవే. దేవతకి దాహం వెయ్యదు. ఆ పూజ చేసినంత సేపూ, నాలుగు గంటలకోసారి మనిషిని మార్చేంత మంది నర్సులు ఎందుకు లేరు అని అడగక్కర్లేకపోయింది. త్యాగం అని పేరు పెట్టగానే సిబ్బంది కొరత మాయమైపోతుంది.

సాహిత్యం చదివేవాళ్లం కాబట్టి ఇది మన పంచాయితీ కూడా. రాయలసీమ కథకి దాహం కొత్త కాదు. మధురాంతకం రాజారాం, సింగమనేని నారాయణ, నామిని వంటి వాళ్లు ఈ నేల ఎండనీ, బావినీ, చెనిక్కాయ చేనునీ, పశువు నాలుకనీ రాశారు. ఆ దాహం మట్టిది, ఆకాశం చేసిన అన్యాయం. ఆ రైతు మనవరాలు ఇప్పుడు 21 డిగ్రీల గదిలో, చుట్టూ స్టీలు, గాజు మధ్య నిలబడి ఎండిపోతోంది. ఈ దాహానికి వాన రాకపోవడం కారణం కాదు. దీన్ని రాసిన కథ నా కంట పడలేదు. మన ఉద్యోగం కథల్లో ఎప్పుడూ ఒక కాఫీ మెషీన్ ఉంటుంది, దాని దగ్గర ఒక ప్రేమ మొదలవుతుంది. కాఫీ మెషీన్ దగ్గరికి రావడానికి పర్మిషన్ అడగాల్సిన మనిషి ఆ కథలోకి రాలేదు. కరువు అంటే మబ్బులేని ఆకాశం అన్న బొమ్మ దగ్గరే మన కళ్లు ఆగిపోయాయి.

శుభ్రత ఒకవైపు, మనిషి ఒకవైపు అనేది తప్పనిసరి బేరం కాదని చెప్పడానికి మా ఊరి పక్కనే సాక్ష్యం ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం. వందేళ్ల కిందట క్షయకి మందు లేని రోజుల్లో మిషనరీలు అక్కడ శానటోరియం పెట్టారు. డెన్మార్క్ నుంచి వచ్చిన ఫ్రిమోట్ మోలర్ దాన్ని దశాబ్దాల పాటు నడిపించాడు. స్వతంత్రం వచ్చిన మరుసటేడు, 1948లో, దేశంలో బీసీజీ టీకా మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. సూక్ష్మజీవి అంటే ఏమిటో, అంటుకోవడం అంటే ఏమిటో వాళ్లకంటే బాగా తెలిసినవాళ్లు ఆ రోజుల్లో తక్కువ. అయినా శానటోరియం వైద్యమంటే మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి. అంటువ్యాధి నియమాలూ, తిండి వేళలూ ఒకే టైం టేబుల్లో ఉండేవి. తర్వాత మందులొచ్చి ఆ పద్ధతి పాతబడింది, సరే. ఒకే కప్పు కింద రెండూ నడపొచ్చన్న సంగతి మాత్రం పాతబడలేదు.

అయితే ఏం చెయ్యాలి? ఇందులో కనిపెట్టాల్సింది ఏమీ లేదు. ఇరవై మంది ఉన్న లైన్ తీసుకోండి. ఒక్కొక్కరికి ఎనిమిది గంటల షిఫ్టులో మామూలు విరామం కాక ఇంకో ఇరవై నిమిషాల విరామం ఇవ్వాలంటే మొత్తం 400 నిమిషాలు. షిఫ్టు 480 నిమిషాలు. అంటే ఇరవై మందికి ఒక్క రిలీవర్ చాలు, అతని సొంత విరామానికి కూడా సమయం మిగులుతుంది. అయిదు శాతం మనుషులు, కొన్ని గౌన్లు. ఇంతే ధర. దీన్ని పెట్టలేమనే కంపెనీ, రోజూ అంతకంటే ఎక్కువ ఖర్చుపెట్టి గాలిని వడకడుతోంది.

దాంతోపాటు ఇంకొన్ని. విరామం గడియారం గౌను విప్పాక మొదలవ్వాలి, మళ్లీ తొడుక్కోవడానికి ముందు ఆగాలి. బట్టలు మార్చుకునే సమయం పనిలో లెక్క. తాగునీరు, మరుగుదొడ్డి మొదటి తలుపు దాటగానే ఉండాలి, భవనం ఇంకో చివర కాదు. పొడుగు ఆపరేషన్లలో స్క్రబ్ నర్సుని మార్చడం దయగా కాకుండా చార్టులో గడిగా ఉండాలి. లోపలికి పోయేముందు టీ, బిస్కెట్టు కాకుండా కడుపులో నిలిచేది పెట్టాలి. దీనికి డైటీషియన్‌ని పిలవక్కర్లేదు. మజ్జిగ కలిపి ఉప్పేసిన రాగి అంబలి పెద్ద గ్లాసుడు తాగి చేను పనికి పోయిన జనం మాది. నీరు, ఉప్పు, తిండి మూడూ ఒకే గ్లాసులో. క్యాంటీన్ కాంట్రాక్టర్‌కి అది బిస్కెట్ ప్యాకెట్ కన్నా ఏమంత ఖరీదు కాదు.

వీటికి చట్టం కావాలా అంటే కావాలి. దుకాణాల్లో రోజంతా నిలబడే సేల్స్ గర్ల్స్ పోరాడితే 2018లో కేరళ, 2021లో తమిళనాడు కూర్చునే హక్కుని చట్టంలో రాశాయి. కూర్చోవడానికి చట్టమా అని అప్పుడూ నవ్వారు. నీళ్లు తాగడానికి చట్టమా అని ఇప్పుడూ నవ్వుతారు. నవ్వనివ్వండి. కొత్త ఫ్యాక్టరీకి రిబ్బన్ కత్తిరించే ప్రతి సభలో ఉద్యోగాలెన్ని అని అడిగే విలేఖరులు, షిఫ్టుకి రిలీవర్లు ఎంతమంది అని కూడా ఒక్కసారి అడగాలి. ఆపరేషన్ బాగా అయిందని స్వీట్లు పంచే మనం, లోపల పనిముట్లు అందించినామె పొద్దున్నించి ఏమైనా తాగిందా అని అడగాలి. ఎదురుగా ఉన్న మనిషి ఇబ్బందిగా చూస్తారు. ఆ ఇబ్బంది ఇన్నాళ్లూ మా చెల్లెళ్లే పడ్డారు. ఇకనుంచి కాస్త చార్టు రాసేవాళ్లు కూడా పడనీ.